పొగరు వెనక పిల్లాడు

*మాట వినడు, పాస్ ఇవ్వడు, తీసేస్తే అలుగుతాడు. ఇలాంటి పిల్లలు లేని ఫుట్‌బాల్ గ్రౌండ్ ఉండదు. వాళ్లను వెళ్లగొట్టకుండా, అలాగని నెత్తికెక్కించుకోకుండా ఆడించేదెలా?*

ఆదివారం పొద్దున ఏడు కూడా కాలేదు. సికింద్రాబాద్‌లో ఒక గ్రౌండ్. రాత్రి కురిసిన వేసవి వానకు గోల్‌పోస్ట్ ముందు చిన్న మడుగు కట్టింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల మ్యాచ్ నడుస్తోంది. పదో నంబరు చొక్కా తొడుక్కున్న పదమూడేళ్ల పిల్లాడు ఇద్దర్ని తప్పించాడు. మూడోవాణ్నీ తప్పించబోయి బంతి పోగొట్టుకున్నాడు. అప్పటికి అది నాలుగోసారి. ఎడమపక్క ఖాళీగా నిలబడ్డ వింగర్ చెయ్యెత్తి అరిచీ అరిచీ చివరికి చెయ్యి దించేశాడు.

కోచ్ రిఫరీకి సైగ చేసి పదో నంబరును బయటికి పిలిచాడు. వాడు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. భుజం తట్టడానికి కోచ్ చాచిన చేతిని చూడనట్టే దాటిపోయాడు. గీత పక్కన పెట్టిన నీళ్ల సీసాను ఒక్క తన్ను తన్నాడు. మూత ఊడి నీళ్లన్నీ మట్టిపాలయ్యాయి.

"నన్నెందుకు తీసిన్రు? వాడు ఆడేది ఆటనా?"

ఎవరి జవాబూ వినకుండా గోల్‌పోస్ట్ వెనక ఆపి ఉన్న నాన్న బైకు దగ్గరికి పోయి నేల మీద కూలబడ్డాడు. అప్పటిదాకా "నువ్వే కొట్రా, పాసియ్యకు!" అని అరుస్తున్న నాన్న ఇప్పుడు కోచ్ వైపు నడిచాడు. "సార్, గోల్స్ కొట్టేది మావోడే గదా?"

"మ్యాచ్ అయినంక మాట్లాడుకుందాం అన్నా" అన్నాడు కోచ్. ఆ మాటలో విసుగు లేదు. పిల్లాడి వెంట పడలేదు, పిలవలేదు. రిజర్వ్ గోల్‌కీపర్ చేతికి ఇంకో సీసా ఇచ్చి పంపాడు. పది నిమిషాలు పోయాక తనే వెళ్లి పక్కన కూర్చున్నాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కూ పెన్నూ తీసి వాడి ఒళ్లో పెట్టాడు.

"మన లెఫ్ట్ వింగర్ ఎన్నిసార్లు ఖాళీగ ఉంటున్నడో ఒక గీత పెట్టు. వానికి బంతి ఎన్నిసార్లు అందిందో ఇంకో పక్కన గీత పెట్టు. ఆఖరి పదిహేను నిమిషాలకు నువ్వు మళ్ల దిగుతవు."

పిల్లాడు చాలాసేపు పెన్ను ముట్టలేదు. తర్వాత ముట్టాడు. తిరిగి మైదానంలోకి దిగేటప్పుడు ఆ పుస్తకంలో ఒకవైపు పదకొండు గీతలు, రెండోవైపు రెండే. ఆ పదిహేను నిమిషాల్లో వాడేమీ మహాత్ముడైపోలేదు. ఎడమవైపు రెండంటే రెండు పాసులు ఇచ్చాడు, రెండూ కాకరకాయ నమిలిన మొహంతోనే. కోచ్ మాత్రం ఆ రెండింటికీ చప్పట్లు కొట్టాడు.

ఒక మాట, వంద అర్థాలు

2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చి వెళ్లాడు. 2026 ప్రపంచ కప్ మొట్టమొదటిసారి 48 జట్ల పండగ. క్రికెట్ తప్ప మరో మాట వినపడని ఇళ్లలో కూడా ఇప్పుడు పిల్లలు లమీన్ యమాల్ పేరు చెబుతున్నారు. 2024 యూరో కప్ సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టినప్పుడు అతనికి పదిహేడు నిండలేదని మీకు తెలియకపోతే, మీ ఇంటి పన్నెండేళ్లవాణ్ని అడగండి. గోల్ తేదీతో సహా చెబుతాడు.

పిల్లలు వస్తున్నారు. వాళ్లతోపాటు ప్రతి గ్రౌండ్‌లో ఒక మాట వినపడుతోంది: "వాడికి యాటిట్యూడ్ ఎక్కువ." ఆలస్యంగా వస్తే అదే మాట. వార్మప్ ఎగ్గొట్టినా, రిఫరీతో వాదించినా, ఓడాక ఎదుటివాడికి చెయ్యి కలపకపోయినా, తోటివాడి తప్పుకు తల కొట్టుకున్నా అదే మాట. ఆఖరికి ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చునే పిల్లకూ అదే ముద్ర. ఇన్ని రకాల బాధలకు ఒకే పేరు పెట్టేస్తే పెద్దవాళ్లకు సులువు, ఇక కారణం వెతికే పని ఉండదు. మన దగ్గర మందు కూడా ఒకటే ఉంది: గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు.

పరుగును శిక్షగా వాడే కోచ్‌లంటే నాకు కోపం. మ్యాచ్ పొడుగునా పరిగెత్తాల్సిన ఆట ఇది. పరుగంటే తప్పు చేసినవాడికి పడేదని నేర్పి, మర్నాడు మ్యాచ్‌లో ఇష్టంగా పరిగెత్తమంటే ఎలా పరిగెడతారు?

రహీం సాబ్ పెట్టిన పోటీ

పాస్ ఇవ్వని పిల్లాడు హైదరాబాద్‌కు కొత్త కాదు. డెబ్బై ఏళ్ల కిందటే ఈ ఊళ్లో ఒక బడిపంతులు ఈ రోగానికి మందు కనిపెట్టాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి ఉపాధ్యాయుడు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా తర్వాత ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది గానీ పాతబస్తీలో, సికింద్రాబాద్‌లో పాత ఆటగాళ్లు ఆయన్ని ఎప్పుడూ మరవలేదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ 1962 జకార్తాలోనూ బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో అంతకుమించి ఎన్నడూ వెళ్లలేదు.

అప్పట్లో మన ఆటగాళ్లకు బంతిని కాలికి అంటించుకుని తిరగడమే గొప్ప. జనం ఈల వేసేదీ దానికే. రహీం సాబ్ అలాంటివాళ్లను తిడుతూ కూర్చోలేదు. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిందంటే వెంటనే వదలాల్సిందే. కుడికాలి మీదే బతికేవాళ్ల కోసం బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు కూడా నడిపారు. "నువ్వు స్వార్థపరుడివి" అని ఆయన ఎవరినీ వేలెత్తి చూపక్కర్లేదు. నియమం అందరికీ ఒక్కటే కాబట్టి ఎవరి మొహమూ చిన్నబోదు. గెలవాలన్న పంతం ఉన్నవాడు ఆ పంతంతోనే తలెత్తి తోటివాడి కోసం చూస్తాడు. పిల్లల మనసు గురించి ఎన్నో పుస్తకాలు చెప్పే సంగతిని ఆయన ఒక టోర్నమెంట్ నియమంలో ఇమిడ్చేశారు. ఈ ఉపాయం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఎంతమంది కోచ్‌లు వాడుతున్నారో మాత్రం ఈసారి గ్రౌండ్‌కు వెళ్లినప్పుడు చూడండి. తిట్లు వినిపించినంతగా కొత్త నియమాలు కనిపించవు.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను చేరదీసిందీ రహీం సాబే. అంత దూరం నుంచి రోజూ శిక్షణకు రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. కారణం అడగని కోచ్ అయితే ఆ పేరు పక్కన 'సరిగా రాడు' అని రాసి కొట్టేసేవాడు. బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. 1962 బంగారు జట్టులో ఉన్నాడు.

> శిక్షగా పిల్లలకు పాఠం
>
> 1995 జనవరి 25న లండన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ఎరిక్ కాంటొనా తనను దూషించిన ప్రేక్షకుడి మీదికి ఎగిరి తన్నాడు. కోర్టు మొదట రెండు వారాల జైలుశిక్ష వేసింది. అప్పీలులో అది 120 గంటల సమాజసేవగా మారింది. ఆ గంటలన్నీ అతను చిన్నపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ గడిపాడు. ఎనిమిది నెలల నిషేధం ముగిసి అక్టోబరు 1న లివర్‌పూల్ మీద తిరిగి దిగి పెనాల్టీ గోల్ కొట్టాడు. మధ్యలో ఇంగ్లండ్ వదిలేద్దామనుకున్న అతని కోసం మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ స్వయంగా పారిస్ వెళ్లి బతిమాలి తెచ్చుకున్నాడు. తర్వాత అదే జట్టుకు కాంటొనా కెప్టెన్ అయ్యాడు.

గోడవైపు తిరిగిన పిల్లాడు

లండన్ దక్షిణాన బ్రాక్లీలో ఒక ప్రాథమిక పాఠశాల. 1970ల తొలినాళ్లు. తరగతి బయట ఒక నల్లజాతి పిల్లాడు తరచూ నిలబడి కనిపించేవాడు. కోపమెక్కువ. అక్షరాలు సరిగా రావు. ఫుట్‌బాల్ ఆడితే గొడవ, ఓడితే ఏడుపు. టీచర్లు గెంటేస్తే వరండాలోకి వచ్చేవాడు.

పేరు ఇయాన్ రైట్. ఆ పిల్లాడి ఇంటి సంగతి చాలా ఏళ్ల తర్వాత అతనే లోకానికి చెప్పాడు. సవతి తండ్రి అమ్మను కొట్టేవాడు. శనివారం రాత్రి టీవీలో ఫుట్‌బాల్ కార్యక్రమం వచ్చే వేళకు, పిల్లలకు అదంటే ప్రాణమని తెలిసీ, వాళ్లను గోడవైపు తిరిగి నిలబడమనేవాడు. శబ్దం చెవిన పడుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం కనపడదు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లాడు మైదానంలో చిన్న ఫౌల్‌కే ఎందుకు భగ్గుమంటాడో ఇప్పుడు మనకు అర్థమవుతుంది. అప్పుడు తరగతి బయట నిలబెట్టినవాళ్లకు తెలియదు.

సిడ్నీ పిగ్డెన్ అనే మాస్టారు వరండాలో ఆగాడు. పిల్లాణ్ని తన తరగతికి తీసుకుపోయాడు. చదవడం, రాయడం నేర్పాడు. హాజరు పట్టీలు తీసుకెళ్లి ఇచ్చే పనీ, పాలు పంచే పనీ అప్పగించాడు. బడిలో ఎవరికీ అక్కర్లేదనుకున్నవాడు ఒక్కసారిగా బడికి కావాల్సినవాడయ్యాడు. గోల్ ముందు బలంగా బాదడం కాదు, ఆ కాలపు మేటి ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్‌లా బంతిని నెమ్మదిగా వలలోకి పంపాలని చెప్పిందీ ఆయనే. ఆట కోసం చెప్పిన ఆ మాట కోపానికీ మందే అయింది.

అయితే దారి వెంటనే సాఫీ కాలేదు. ఇది దాచకూడని సంగతి. కట్టని జరిమానాలకు రైట్ కొన్నాళ్లు జైల్లో కూడా గడిపాడు. ఇరవై రెండేళ్లు నిండబోతుండగా, 1985లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్ తీసుకుంది. తర్వాత ఆర్సెనల్‌కు 185 గోల్స్ కొట్టాడు. ఆ క్లబ్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. పిగ్డెన్ మాస్టారు చనిపోయాడనే అనుకుంటున్న రైట్ ముందుకు 2005లో ఒక టీవీ కార్యక్రమం వాళ్లు ఆయన్ని తీసుకొచ్చారు. ఆ వీడియో ఇప్పటికీ చూడొచ్చు. వెనక నుంచి మాస్టారి గొంతు వినగానే నలభై దాటిన ఆ మనిషి గబుక్కున తలమీది టోపీ తీసేస్తాడు. ఆ తర్వాత మాటలు రావు, కన్నీళ్లే.

మోకాలు, బూట్లు, ఫౌండేషన్ క్లాసులు

మన గ్రౌండ్లకు వద్దాం. పొగరనీ బద్ధకమనీ పేరు పడ్డ పిల్లల్లో కొందరి బాధ ఒంట్లోనే ఉంటుంది. పదకొండేళ్లప్పుడు మెరుపులా ఆడిన పిల్లాడు పదమూడు పద్నాలుగుకు తడబడతాడు. ఒక్క ఏడాదిలో బెత్తెడు పొడుగు పెరిగాక కాళ్లు తనవి కానట్టే ఉంటాయి. పాత విద్యలేవీ పనిచేయవు. అది ఎవరికీ తెలియకూడదని జోకులేస్తాడు, డ్రిల్ చెడగొడతాడు. మోకాలి చిప్ప కింద నొప్పి మరో సంగతి. ఓస్‌గుడ్-ష్లాటర్ అని డాక్టర్లు పిలిచే ఈ బాధ ఎదిగే వయసులో ఆడే పిల్లల్లో మామూలే. పరుగు తగ్గిస్తే, ఎదుగుదల ఆగే వేళకు చాలావరకు దానంతటదే పోతుంది. "నాటకాలాడుతున్నావా" అని ఇంకో రెండు రౌండ్లు వేయిస్తే మాత్రం ఆ పిల్లాడు కోచ్‌ను జీవితాంతం నమ్మడు.

వార్మప్‌కు రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లాడి బూట్లు ఒకసారి చూడండి. అడుగు ఊడిపోయి తాడుతో కట్టుకుని ఉండొచ్చు. నెలకు వేలు ఫీజు కట్టే పిల్లల మధ్య దాన్ని చూపించుకోవడం కంటే, ఆలస్యంగా వచ్చి తిట్లు తినడం వాడికి నయం.

ఆడపిల్లల సంగతి ఇంకా దారుణం. బాగా ఆడే అమ్మాయి నెలలో నాలుగు రోజులు రాదు, అడిగితే జవాబు చెప్పదు. గ్రౌండ్‌లో శుభ్రమైన మరుగుదొడ్డి లేదు, కోచ్ మగమనిషి. ఆమె ఏమని చెప్పాలి? ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, ఒక మహిళా సహాయకురాలు ఉంటే తీరిపోయే ఇబ్బంది. దానికి 'క్రమశిక్షణ లేదు' అనే పేరు పెట్టి ఎంతమంది అమ్మాయిలను పోగొట్టుకున్నామో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఇక మన తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే కారణం ఒకటి ఉంది. నీళ్ల సీసా తన్నిన ఆ పదో నంబరు కుర్రాడి గురించి మ్యాచ్ తర్వాత కోచ్‌ను అడిగాను.

"జూన్ల వాడు తొమ్మిదికి పోతడు సార్. ఐఐటీ ఫౌండేషన్ల జాయిన్ చేసిన్రు. పొద్దుగాల క్లాసులు. ఇదే ఆఖరి సీజన్ అని వానికి తెలుసు. ఉన్న నాలుగు మ్యాచ్‌లల్లనే గోల్స్ అన్నీ కొట్టాలనుకుంటున్నడు."

ఆ మాట విన్నాక ఇందాకటి ఆట మొత్తం నా కళ్ల ముందు వేరేలా తిరిగింది. ఆ పిల్లాడు ఎవరికీ బంతి ఇవ్వకపోవడం పిసినారితనంలా కనిపించలేదు. ఊరు ఖాళీ చేసి పోయేవాడు ఇంటి గోడలను తడిమినట్టు కనిపించింది.

> చట్టం ఏమంటోంది?
>
> విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పీఈటీ పీరియడ్‌కూ ఇది వర్తిస్తుంది. అందరిముందు అవమానించడం, బెత్తం చూపడం 'పాత పద్ధతి కోచింగ్' అనుకుని సర్దుకుపోవాల్సిన పని తల్లిదండ్రులకు లేదు.

గీత ఎక్కడ గీయాలి?

కారణం తెలుసుకోవడం అంటే తప్పును వదిలేయడం అనుకుంటే పొరపాటు. ఆ కోచ్ పిల్లాణ్ని అర్థం చేసుకున్నాడు, అయినా మ్యాచ్‌లోంచి బయటికి తీశాడు. మళ్లీ ఎప్పుడు దిగుతాడో కూడా చెప్పాడు. ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. ఎంతసేపో తెలియని శిక్ష పిల్లాడికి వెలివేతలా తోస్తుంది, 'ఆఖరి పదిహేను నిమిషాలు' అంటే గడియారం చూసుకుంటూ కోపం దిగమింగుతాడు.

ఇంగ్లండ్ ఇదే ఆలోచనను నియమంగా మార్చింది. అక్కడి కింది స్థాయి లీగ్‌లలో రిఫరీతో వాదించినవాణ్ని 90 నిమిషాల మ్యాచ్ అయితే 10 నిమిషాలు బయట కూర్చోబెడతారు. 31 లీగ్‌లలో ముందు పరీక్షించి చూస్తే వాదనలు 38 శాతం తగ్గాయి. 2019-20 సీజన్ నుంచి అంతటా పెట్టారు.

కొన్నింటికి మాత్రం పది నిమిషాలు చాలవు. తోటి పిల్లాడి రంగు మీద, కులం మీద, ఒంటి మీద వెటకారం. చిన్నవాళ్లను ఏడిపించడం. కావాలని కాలు విరగ్గొట్టేలా దిగడం. కోచ్‌ను ఎదిరించే పిల్లాడితో ఎంతైనా ఓపిక పట్టొచ్చు, బలహీనుణ్ని బాధపెట్టేవాడితో పట్టకూడదు. అక్కడ మన ఓపికకు ఖరీదు కట్టేది ఇంకో పిల్లాడు. అన్నింటికంటే పెద్ద తప్పు, గోల్స్ కొట్టేవాడికి ఒక న్యాయం, బెంచీ మీద కూర్చునేవాడికి ఒక న్యాయం. పిల్లలు దీన్ని మొదటి వారంలోనే పసిగడతారు. ఆ తర్వాత కోచ్ చెప్పే నీతులు ఎవరి చెవికీ ఎక్కవు.

ఎంత చేసినా కొందరు చేజారిపోతారు. 2011లో ఎఫ్ఏ యూత్ కప్ గెలిచిన మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాళ్ల జట్టులో పాల్ పోగ్బా ఉన్నాడు, జెస్సీ లింగార్డ్ ఉన్నాడు. ఫైనల్ రెండో మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టింది రావెల్ మోరిసన్. ప్రతిభలో అందరికంటే ముందున్నది అతనే అన్నవాళ్లు ఎందరో. మైదానం బయటి గొడవలు ఆగలేదు. మరుసటి ఏడాది జనవరిలో క్లబ్ అతణ్ని అమ్మేసింది. కాంటొనా కోసం పారిస్ దాకా వెళ్లిన ఫెర్గూసన్ కూడా ఇతణ్ని నిలబెట్టుకోలేకపోయాడు. సీనియర్ ఆటగాడి బూట్లు దొంగిలించింది తనేననీ, వాటిని అమ్మితే ఇంట్లోవాళ్లకు తిండి దొరుకుతుందనీ పదేళ్ల తర్వాత మోరిసన్ చెప్పుకున్నాడు. వినేవాళ్లు అప్పుడే దొరికి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఊరికే వదిలేయగలిగిన కథ మాత్రం కాదది.

టచ్‌లైన్ అవతల

పిల్లాడికి రెండు గొంతులు వినపడుతుంటే వాడు ఏది వినాలి? కోచ్ పాస్ ఇవ్వమంటాడు. నాన్న వద్దంటాడు. రాత్రి అన్నం పెట్టేది నాన్న, పొద్దున బైకు మీద తెచ్చేదీ నాన్నే. మనం 'మాట వినని పిల్లాడు' అంటున్నవాడు ఒక్కోసారి నిజానికి మాట వింటున్న పిల్లాడే.

నార్వేలో 11 ఏళ్లలోపు పిల్లల పోటీలకు ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. 13వ ఏడు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు లేవు. ఆ దేశ క్రీడా సమాఖ్య 2007లో సవరించిన పిల్లల క్రీడా హక్కుల్లో ఇదంతా రాసి ఉంది. మేటి స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ ఎదిగింది అక్కడి చిన్న ఊరు బ్రీనేలో, ఆ వాతావరణంలోనే. ఇంగ్లండ్‌లో, అమెరికాలో కొన్ని పిల్లల లీగ్‌లు మౌన వారాంతాలు పాటిస్తాయి. ఆ రోజు గీత బయట పెద్దవాళ్లు చప్పట్లు కొట్టొచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. ఆ వేళ మైదానంలో పిల్లల గొంతులే వినపడతాయి, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ.

మన దగ్గర అంత పెద్ద ఏర్పాట్లు లేవు. సీజన్ మొదట్లో తల్లిదండ్రులను చెట్టు కింద అరగంట కూర్చోబెట్టి మాట్లాడే కోచ్‌లు కొందరున్నారు. ఆ అరగంట, తర్వాత వచ్చే సగం గొడవలను తప్పిస్తుందని వాళ్లు చెబుతారు. రిఫరీ మీద కోచ్ కేకలేస్తే పిల్లలు రెండు రోజుల్లో అదే స్వరంలో కేకలేస్తారన్నదీ వాళ్ల అనుభవమే.

మళ్లీ ఆదివారం

వారం తర్వాత అదే గ్రౌండ్‌కు వెళ్లాను. మడుగు ఎండిపోయి నేల నెర్రెలిచ్చింది. పదో నంబరు మొదటి నుంచీ ఆడుతున్నాడు. ఇంకా బంతి ఎక్కువసేపు ఉంచుకుంటున్నాడు. ఒకసారి పోగొట్టుకున్నాక మాత్రం తల పట్టుకుని నిలబడకుండా దాని వెంట పరిగెత్తాడు.

నాన్న కోసం చూశాను. కేకలు వినపడలేదు. బైకు స్టాండు వేసి దాని మీదే కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆ చిన్న నోటుబుక్కు.

"సార్ ఇచ్చిండు" అన్నాడు పక్కకు వెళ్తే, తల తిప్పకుండానే. "మావోడు ఎన్ని పాసులు ఇచ్చిండో గీతలు పెట్టమన్నడు. మాట్లాడితే లెక్క తప్పుతది."

ఆరు గీతలున్నాయి. ఫౌండేషన్ క్లాసుల సంగతి అడిగాను. జూన్ ఇంకా మూడు వారాలుంది అన్నాడు. ఇంతలో ఎడమవైపు వింగర్ చెయ్యెత్తాడు. పదో నంబరు తలెత్తి చూశాడు. నాన్న పెన్ను కాగితం మీద ఆనించి ఆగాడు.